ఏడో మెట్టు

నా మేనకోడలు హైమ కనిపెట్టిన యంత్రం లోహాలకు చెవులున్నాయని రుజువు చేస్తుంది. ఈ మాట నేను ఎవరితోనన్నా అంటే హైమకు కోపం వస్తుంది. చెవులు కావు మామయ్యా, లోపలి రేణువులు అదురుకు సర్దుకునే తీరు అంటుంది. నేను ముప్పైరెండేళ్ళు బేగంపేట విమానాశ్రయంలో మబ్బుల్ని చూసి వాటి ఎత్తు రాసే ఉద్యోగం చేశాను. మబ్బుకు పొట్ట ఉందనీ తోక ఉందనీ మా ఆఫీసులో అందరం అనేవాళ్ళం, ఎవరూ తప్పు పట్టలేదు. అందుకని నేను చెవులనే అంటాను.

మొదట్లో ఆ యంత్రం మీద నాకు గురి లేదు. గురి కుదిరింది నా పాత స్కూటరు వల్ల. దాని కిక్ రాడ్డు ఒక రోజు ఇంటి ముందే విరిగింది. పారేయబోతుంటే హైమ లాక్కుని తన ప్రయోగశాలకు పట్టుకుపోయింది. విరిగిన చోట చిటికెన వేలంత ముక్క కోసి, గాజు గొట్టంలో పెట్టి, సన్నటి సెగ మీద వేడెక్కించింది. పావుగంట తర్వాత గొట్టానికి తగిలించిన స్పీకరులోంచి దబ్, దబ్ అని తన్నులు వినిపించాయి. మొత్తం పదకొండు. పన్నెండోది పెళుక్కుమంది. ఆ రోజు ఎన్నిసార్లు తన్నానో నాకు గుర్తు లేదు గానీ, మోకాలి నొప్పి మాత్రం వారం రోజులు గుర్తుంది.

లోహం మీద భారం పడి అది లోలోపల అలిసిపోతున్నప్పుడు, దాన్ని కదిపిన ప్రతి అదురూ అందులో నిలిచిపోతుందిట. విరగడానికి ముందు పది పన్నెండు నిమిషాలు మరీ స్పష్టంగా ఉంటాయిట. వేడి తగిలితే రేణువులు పట్టు వదిలేస్తాయి, అదురంతా వరసగా బయటికొస్తుంది. అయితే ఒక్కసారే వస్తుంది. తర్వాత గొట్టంలో చూస్తే నా కిక్ రాడ్డు ముక్క బూడిదరంగు రవ్వగా రాలిపోయి ఉంది. వినాలంటే ఆ వస్తువును పోగొట్టుకోవాలన్నమాట. వంతెనల బోల్టులకూ రైలుపట్టాల ముక్కలకూ అయితే ఎవరికీ బాధ లేదు, హైమ వాళ్ళు అవే తెచ్చుకుని వింటున్నారు. దీనివల్ల ఒక మనిషికి నష్టం ఉంటుందని మేమెవరం అనుకోలేదు.

నాకు ఆదివారాలు వేరే వ్యాపకం ఉంది. బోయిన్‌పల్లిలో ఉస్మాన్ భాయ్ మోటార్లు చుట్టే దుకాణం పైగదిలో పొద్దున పది గంటలకు నలుగురైదుగురం చేరతాం. అందరికీ విమానాల పిచ్చి. ఉస్మాన్ భాయ్ విమానాల మెకానిక్‌గా రిటైరయ్యాడు. మేం ఆడే ఆట పేరు తోకాట. ఒకరు ఏదో అరుదైన విమానం బొమ్మలో తోకో, చక్రమో, కిటికీ మూలో మాత్రమే కత్తిరించి తెస్తారు. మిగతావాళ్ళు మూడు ప్రశ్నలు వేసి పేరు చెప్పాలి. అందరికీ తెలిసిన విమానాలు తెస్తే మర్యాద ఉండదు. ఒక్కటే తయారై మూలపడ్డవి, రెక్కలు వెనకా ముందూ అయినవి, ఒకసారి ఎగిరి మళ్ళీ ఎగరనివి, అలాంటివే తేవాలి. నేను ఇరవై ఏళ్ళలో సరిగ్గా చెప్పినవి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

సోమయాజులు గారు ఓడిపోవడం మాత్రం మేం చూడలేదు. ఆయనకు ఎనభై రెండేళ్ళు, మారేడుపల్లిలో ఒక్కరే ఉంటారు. కళ్ళజోడు నుదుటి మీదకు తోసి, బొమ్మ ముక్కను ముక్కుకు దగ్గరగా పెట్టుకుని, పేరూ దేశమూ ఎగిరిన సంవత్సరమూ చెప్పేస్తారు. ఉద్యోగం ఏం చేశారని మొదట్లో అడిగితే, ఏవో లెక్కలు కట్టే పని నాయనా అన్నారు. మళ్ళీ ఎవరూ అడగలేదు.

తోకాటలో మాకొక ఆచారం ఉంది. బొమ్మలో ఉన్న విమానం మీద ఎవరన్నా స్వయంగా చెయ్యి వేసి ఉంటే, వాళ్ళు నోరు విప్పకుండా లేచి వెళ్ళి కిటికీ పక్క స్టూలు మీద అటు తిరిగి కూర్చోవాలి. చేతికి తెలిసినదాన్ని కంటికి తెలిసినట్టు చెప్పడం మోసం కింద లెక్క. ఆ స్టూలు మీద ఇన్నేళ్ళలో ఉస్మాన్ భాయ్ రెండుసార్లు కూర్చున్నాడు, అంతే.

మొన్న ఆగస్టులో ఒక ఆదివారం సుధేష్ణ వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ళుంటాయి, మల్కాజిగిరిలో బడి పంతులమ్మ, భూగోళం చెబుతుందిట. మా ఆట గురించి ఫేస్‌బుక్‌లో చూశానంది. ఉస్మాన్ భాయ్ టీ ఇస్తే మొహమాటంగా తాగింది. తర్వాత సంచిలోంచి చిన్న తువ్వాలు తీసి విప్పింది. అందులో అరచేయంత లోహం ముక్క, కొంచెం వంపు తిరిగి, పచ్చరంగు పెచ్చులతో ఉంది. ఇది ఏ విమానానిదో చెప్పగలరా అని అడిగింది.

మాకు పండగలా అనిపించింది. ఇన్నేళ్ళూ కాగితం బొమ్మలే గానీ అసలు ముక్క ఎవరూ తేలేదు. మేం వరసగా ప్రశ్నలు వేయబోతే, జవాబు నాకూ తెలీదండీ, తెలుసుకోడానికే వచ్చానంది ఆవిడ. అప్పుడన్నా ఎందుకు వచ్చావమ్మా, ఎక్కడిదమ్మా అని అడగాలి గదా. మేం అడగలేదు. ముక్క చేతులు మారింది. ఉస్మాన్ భాయ్ దాన్ని వెలుగుకు పెట్టి రివెట్ల వరసలు చూశాడు.

"రివెట్లు ఏటవాలుగ కొట్టిన్రు చూడుండ్రి. రెక్క మొదలు కాడ, నడిపెటోని కుర్చీ పక్కకుంటది గిది. ఇట్ల కొట్టినోళ్ళను నేనైతె ఎన్నడు చూడలె," అన్నాడు.

నాకు నోరూరుకోదు. ఇలాంటి అతుకుల బొంతను తయారుచేసినవాడికి తిక్క ఉండి ఉంటుందనీ, దాన్ని ఎక్కినవాడికి ప్రాణం మీద విసుగు పుట్టి ఉంటుందనీ అన్నాను. అందరూ నవ్వారు. సుధేష్ణ కూడా మర్యాదకు నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే నాకిప్పటికీ తల ఎత్తబుద్ధి కాదు.

ముక్క సోమయాజులు గారి చేతికి వెళ్ళింది. ఆయన కళ్ళజోడు నుదుటి మీదకు తొయ్యలేదు. ముక్కను ఒకసారి వెనక్కి తిప్పి చూసి, తువ్వాలు మీద మెల్లగా పెట్టి, లేచి కిటికీ దగ్గరకు వెళ్ళి, స్టూలు మీద అటు తిరిగి కూర్చున్నారు.

గదిలో నవ్వు ఆగిపోయింది. ఆచారం ప్రకారం ఆయన మాట్లాడకూడదు. కానీ అటు తిరిగే మాట్లాడారు. దానికి పేరు పెట్టలేదనీ, కాగితాల మీద కె-రెండు అని రాసేవారనీ, తాము కొంగ అని పిలుచుకునేవాళ్ళమనీ చెప్పారు. ఒక్కటే తయారైందిట. పంతొమ్మిదివందల ఎనభై ఎనిమిదిలో కందిచేలో పడిపోయిందిట.

"నడిపింది మా నాన్నగారండీ," అంది సుధేష్ణ.

ఆయన స్టూలు మీదే ఇటు తిరిగారు. ఆనందవర్ధన్ కూతురివా అని అడిగారు. అవునంది. నీ మొదటి పుట్టినరోజుకు నేను వచ్చానమ్మా అన్నారు. మేమందరం మళ్ళీ ముక్క వంక చూశాం.

సుధేష్ణ కథ పెద్దది కాదు. వాళ్ళ నాన్న కొత్త విమానాలను మొదటిసారి ఎగరేసి చూసే పైలట్. పని రహస్యం కాబట్టి ఏ విమానమో ఇంట్లో తెలియదు. పోయిన రోజు పొద్దున వాళ్ళమ్మ కుసుమకుమారి గారు గుమ్మం దగ్గర ఆయన చేత మాట తీసుకుందిట. కాగితంలో ఎంత రాస్తే అంతే చెయ్యి, ఒక్క పిసరు ఎక్కువ చెయ్యకు అంది. సరేనన్నాడు. సాయంత్రానికి పోయాడు. విచారణ సంఘం వాళ్ళు, పైలట్ అనుమతించిన వేగం దాటి వెళ్ళాడు, తప్పు అతనిదే అని రెండు వాక్యాల్లో తేల్చేశారు. ఆ కాగితం ఇంటికి వచ్చిన రోజు నుంచి కుసుమకుమారి గారు భర్త పేరెత్తలేదు. ఫొటో పెట్టలేదు. నన్నూ పిల్లనూ కాదనుకుని గొప్పలకు పోయి చచ్చాడు అని ఒక్కసారి అందిట, అంతే. తద్దినాలు మరిది పెట్టేవాడు, ఆయనా పోయాడు. పొలం రైతు తెచ్చి ఇచ్చిన ముక్క తాతగారి పెట్టెలో ఉండిపోయింది. మొన్న పెట్టె సర్దుతుంటే సుధేష్ణకు దొరికింది.

మా అమ్మ మనసులో ఆయన మాట తప్పిన మనిషిగానే ఉండిపోయాడండీ, నిజంగా తప్పాడా అన్నది నాకు తెలియాలి అంది. ఇది పోతే నా దగ్గర నాన్నది అంటూ ఇంకేమీ లేదు అని కూడా అంది. నేను హైమ యంత్రం సంగతి అప్పటికే చెప్పేశాను మరి. చేసిన ఎగతాళికి పరిహారంగా ఏదో ఒకటి ఇవ్వాలనిపించి చెప్పాను. ఇంత పాత అదురు వినాలంటే ముక్క మొత్తం పోతుందని చెప్పేసరికి ఆవిడ దాన్ని తువ్వాలులో చుట్టుకుని ఆలోచించుకుంటానని వెళ్ళిపోయింది.

మంగళవారం పొద్దున్నే సోమయాజులు గారు మా ఇంటికి వచ్చారు. ఆటోలో వచ్చినట్టున్నారు, జుట్టంతా రేగి ఉంది. మా ఆవిడ ఉప్మా పెడితే వద్దన్నారు. కొంగ రెక్కల బలం లెక్క కట్టింది తనేనని నాతో చెప్పారు. ఏ వేగం దాకా భయం లేదో నిర్ణయించి సంతకం పెట్టింది తనేనట. విచారణలో కూడా, నా లెక్క ప్రకారం ఏడో మెట్టు దాకా రెక్కకు ఏమీ కాదు అని చెప్పారుట. రెక్కకు ఏమీ కాకూడదు, కానీ రెక్క విరిగింది. అంటే పైలట్ ఏడో మెట్టు దాటాడు. సంఘం వాళ్ళు ఆ మాట పట్టుకునే తీర్పు రాశారు.

"ఆ ముక్క మాట్లాడితే నా లెక్క తప్పో, వాడి చెయ్యి తప్పో తేలిపోతుంది భుజంగం," అన్నారు. "కానీ అందులో వినపడేదేమిటో మీకెవ్వరికీ తెలీదు. నాకొక్కడికే తెలుస్తుంది. అదే నా భయం."

భయమెందుకని అడిగాను. అబద్ధం చెప్పేస్తానేమోనని అన్నారు. ముప్పై ఏడేళ్ళు ఒక మాట మీద బతికినవాణ్ణి, అది తప్పని చెవిలో పడ్డా నోటితో ఇంకోటి చెప్పనని నమ్మకమేమిటి అన్నారు. నేను ఆయన ఎప్పుడూ ఓడిపోవడం చూడలేదని చెప్పాను గదా. ఆ పొద్దున మా ఇంటి వరండాలో కూర్చున్న మనిషి ఏ ఆటా గెలిచిన మనిషిలా లేరు. నాకాయనంటే చాలా ఇష్టం. ఆ ముక్క సుధేష్ణ సంచిలోనే ఉండిపోతే బాగుండునని ఆ క్షణంలో నేను కోరుకున్నాను, అది దాచుకోను.

ఆయనే దారి వెతుక్కున్నారు. వాళ్ళ పనిలో ఒక పద్ధతి ఉందిట. పరీక్షకు ముందే ఏది వస్తే దానికి ఏమిటి అర్థమో కాగితం మీద రాసి అవతలివాళ్ళకు ఇచ్చేయాలి. ఫలితం చూశాక అర్థాలు మార్చుకునే వీలుండదు. జేబులోంచి ఒక కాగితం తీసి నాకిచ్చారు. పిల్లకు ఇవ్వు, వినాలో వద్దో తనిష్టం, విన్నా మానినా కాగితం మాత్రం తన దగ్గరే ఉంచుకోమను అన్నారు. 

అందులో రాసినది నేను చదివాను. కొత్త విమానానికి వేగం ఒక్కసారిగా పెంచరు, మెట్లు మెట్లుగా పెంచుతారు. ప్రతి మెట్టు దగ్గరా పైలట్ నడిపే కర్రను అరచేత్తో మూడుసార్లు చరుస్తాడు. రెక్క అదిరి, వెంటనే అదురు ఆగిపోతే ఆ వేగం క్షేమం, తర్వాతి మెట్టుకు వెళ్ళొచ్చు. ఆగకపోతే వెంటనే ఇంజను తగ్గించి వెనక్కి రావాలి. ఆ రోజు కాగితంలో రాసింది ఏడు మెట్లు. కిందనేమో ఇలా ఉంది: మూడు దెబ్బల గుంపులు ఎనిమిది గానీ అంతకంటే ఎక్కువ గానీ వినపడితే ఆనందవర్ధన్ హద్దు దాటాడు. ఏడులోపల రెక్క విరిగితే అతను హద్దులోనే ఉన్నాడు, తప్పు నాది. దాని కింద సంతకం, తేదీ.

కాగితం చదివాకే సుధేష్ణ ఒప్పుకుంది. నాకు ఫోను చేసి ఒక్క మాటే అంది, ఆయన్ని కూడా రమ్మనండి అని.

శుక్రవారం మధ్యాహ్నం ప్రయోగశాలలో నలుగురం ఉన్నాం. హైమ ముక్కను తూచి, ఫొటోలు తీసి, గొట్టంలో పెట్టేముందు మరోసారి సుధేష్ణ వంక చూసింది. సుధేష్ణ ముక్క అంచును బొటనవేలితో ఒకసారి తడిమి ఇచ్చేసింది. హైమకు సోమయాజులు గారు రావడం ఇష్టం లేదని నాకు తెలుసు. దోషి అయ్యే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని పరీక్ష చేయడం ఎక్కడా లేదు మామయ్యా అని ఫోనులో అంది. కాగితం సంగతి విన్నాక మాత్రం ఆయనకు కుర్చీ తనే తెచ్చి వేసింది.

సెగ మొదలైన ఇరవై నిమిషాలకు స్పీకరు గరగరలాడింది. తర్వాత ఇంజను హోరు, ఒకే తీరుగా. ఆ హోరు వినగానే సోమయాజులు గారి చేతులు మోకాళ్ళ మీద బిగుసుకున్నాయి. టప్, టప్, టప్. వెంటనే సన్నటి జుమ్మనే అదురు లేచి, చటుక్కున ఆగింది.

"ఒకటి," అంది హైమ.

హోరు కొంచెం పెరిగింది. ఒక నిమిషం పైన గడిచాక మళ్ళీ మూడు దెబ్బలు. రెండు. మళ్ళీ. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం ఎప్పుడూ ఒక్కటే, తొందర లేదు. ముప్పై ఏడేళ్ళ కిందట పోయిన మనిషి పొందిగ్గా తన పని తాను చేసుకుంటున్నాడు. సుధేష్ణ కళ్ళు మూసుకుని వింటోంది. తండ్రి గొంతు కూడా ఎరగని పిల్లకు ఆయన చెయ్యి వినపడుతోంది. నాకు ఏడుపొచ్చింది, అటు తిరిగాను.

నాలుగు. అయిదు. ఆరో మెట్టులో దెబ్బల తర్వాత అదురు ఆగడానికి కొంచెం సేపు పట్టింది. నాకే తెలిసిందంటే సోమయాజులు గారికి తెలియకుండా ఉండదు. ఆయన తల వంచుకున్నారు.

హోరు ఇంకో పాలు పెరిగింది. టప్. టప్.

మూడోది రాలేదు. రెండో దెబ్బ అదురు ఆగలేదు. పెరిగింది, గది కిటికీ అద్దాలు చిరచిరలాడేలా పెరిగింది. అదే సమయంలో దాని కింద ఇంజను హోరు తగ్గిపోవడం స్పష్టంగా వినిపించింది. ఎవరో చటుక్కున వెనక్కి లాగేసినట్టు తగ్గింది. రెండు క్షణాలు. తర్వాత ఫట్‌మంది. స్పీకరులో ఇంకేమీ లేదు.

ఇంకా వస్తుందేమోనని అందరం కూర్చునే ఉన్నాం. గొట్టంలో ముక్క రాలి రవ్వయింది. హైమ స్విచ్చి ఆపేసింది.

"ఏడో మెట్టు," అన్నారు సోమయాజులు గారు. "అదురు ఆగలేదని తెలిసిన క్షణం ఇంజను తగ్గించాడు. మూడో దెబ్బ కొట్టే చెయ్యి అక్కడికి వెళ్ళింది. ఏం చెయ్యాలో అదే చేశాడమ్మా. రెక్కే ఆగలేదు." కుర్చీ సుధేష్ణ వైపు తిప్పుకుని, "నేను ఎనిమిదో దాని కోసం చెవి పెట్టుకుని కూర్చున్నాను. వస్తే బాగుండునని. నన్ను క్షమించు," అన్నారు.

సుధేష్ణ కాగితం మడత విప్పి ఒకసారి చూసి మళ్ళీ మడిచింది. ఆవిడకు ఆయన మీద కోపం వచ్చిందో లేదో నాకు తెలియలేదు. మా అమ్మకు మీరే చెప్పాలి అంది. గట్టిగా అనలేదు, అడగనూ లేదు.

మర్నాడు మల్కాజిగిరి వెళ్ళాం. కుసుమకుమారి గారు అరవై ఏడేళ్ళ మనిషి, నిటారుగా ఉంది, కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరివో యూనిఫారాలు సరిచేస్తోంది. మేం వస్తున్న పని కూతురు అప్పటికే చెప్పి ఉంచింది. సోమయాజులు గారిని చూసి గుర్తుపట్టింది గానీ పలకరించలేదు. హైమ తీసిన రికార్డు సుధేష్ణ ఫోనులో ఉంది. పెట్టబోతే ఆవిడ ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టింది. నాకు చప్పుళ్ళు వద్దు, మనిషిని నోటితో చెప్పమను అంది.

సోమయాజులు గారు కూర్చోకుండా నిలబడే చెప్పారు. మెట్లంటే ఏమిటో, దెబ్బలంటే ఏమిటో, బడిపిల్లకు చెప్పినట్టు వివరంగా చెప్పారు. ఆవిడ మిషను మీది గుడ్డను చేత్తో సాపు చేస్తూ వింది.

"కాగితంలో ఎన్ని రాశారు?" అని అడిగింది.

"ఏడు."

"ఆయన ఎన్ని చేశాడు?"

"ఏడోది సగంలో ఉండగా ఆపేశాడమ్మా. ఒక్క పిసరు ఎక్కువ చెయ్యలేదు."

గుడ్డ మీద ఆవిడ చెయ్యి ఆగింది. సుధేష్ణ వెళ్ళి తల్లి భుజం మీద చెయ్యి వేసింది. అక్కడితో అయిపోయిందనుకుని నేను లేవబోయాను. సోమయాజులు గారు మాత్రం కదల్లేదు.

"ఇంకోటుందమ్మా. అది ఆ ముక్కలో లేదు, నా దగ్గరే ఉంది," అన్నారు. "అంతకు ముందు రోజు ఆరో మెట్టు దాకా వెళ్ళి దిగి వచ్చాడు. ఆరో దాంట్లో అదురు ఆగడానికి కొంచెం సేపు పట్టిందోయ్, మరోసారి చూడు అన్నాడు. నా లెక్కలో అట్లాంటిది లేదు, రాదు అన్నాను. మళ్ళీ చూడకుండా ఏడుకు సంతకం పెట్టాను. విచారణలో ఈ మాట ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు."

ఇది ఆయన చెప్పకపోతే ఏ యంత్రమూ చెప్పదు. ఎవరికీ ఎన్నటికీ తెలిసేది కాదు. సుధేష్ణ చెయ్యి తల్లి భుజం మీంచి జారిపోయింది. ఆయన వంక చూడలేక గోడ వైపు తిరిగింది.

కుసుమకుమారి గారు మాత్రం ఆయన్ని చూస్తూనే ఉంది. తిడుతుందనుకున్నాను. తిడితేనే ఆయనకు కొంచెం తేలికని కూడా అనుకున్నాను.

"ముప్పై ఏడేళ్ళు ఆయన్ని తిట్టుకున్నాను," అంది చివరికి. "మాట తప్పాడని. చచ్చినవాణ్ణి వదలకుండా తిట్టాను. ఇప్పుడు మిమ్మల్ని మొదలుపెట్టి ఎప్పటికి పూర్తిచేస్తాను?"

కొంగుతో మొహం తుడుచుకుంది. అది కళ్ళనీళ్ళో చెమటో నేను చూడలేదు, చూడకూడదనిపించింది. కూతురి వైపు తిరిగి, మీ నాన్న తిథి ఎప్పుడో నీకు తెలుసా అని అడిగింది. సుధేష్ణకు తెలియదు. బాబాయి పెట్టినన్నాళ్ళూ ఆయనే చూసుకునేవాడు. నాకూ తెలీదు, ఎప్పుడూ చూసుకోలేదు అంది ఆవిడ.

"మార్గశిర బహుళ నవమి," అన్నారు సోమయాజులు గారు.

అనుకోకుండా నోటివెంట వచ్చేసినట్టుంది. అందరం ఆయన వంక చూసేసరికి తప్పు చేసినట్టు చేతులు కట్టుకున్నారు.

"మీకెట్లా తెలుసు?" అందావిడ.

"ఏటా గుర్తు పెట్టుకుంటానమ్మా. ఆ రోజు పొయ్యి వెలిగించను."

ముప్పై ఏడేళ్ళు తప్పు ఆనందవర్ధన్‌దేనని నమ్ముతూ, ముప్పై ఏడేళ్ళూ ఏటా ఆ రోజు పస్తుండే మనిషి. నమ్మారని ఇంక నేను అనలేను. ఆయనకు ఎప్పుడో తెలుసు, తెలిసినట్టు తనకు తానే చెప్పుకోలేకపోయారు. అది ఆవిడకు నాకంటే ముందే అర్థమైంది. మిషను పక్కనున్న ముక్కాలిపీటను కాలితో ముందుకు జరిపి, కూర్చోమని సైగ చేసింది. ఆయన కూర్చున్నారు.

"ఈసారి ఆయన తద్దినం ఈ ఇంట్లో పెట్టిస్తాను. నేనే వండుతాను. ఆ రోజు పస్తుండక మీరు ఇక్కడికి రండి," అంది.

సోమయాజులు గారు తలూపారు. ఎన్నింటికి రమ్మంటారని అడిగారు.

"పన్నెండు కాకుండానే రండి," అందావిడ. "ఆయన ఆకలికి ఆగలేడు."